గుడారానికి ప్రారంభోత్సవం

మా ఆవిడ ఇందుమతి మోకాలికి ఆపరేషన్ ఖాయమైన రోజునే మేం కొండల్లో సైకిళ్లు తొక్కడానికి వెళ్లాలని నిశ్చయించుకున్నాం. విన్నవాళ్లు మా ఇద్దరిలో పిచ్చి ఎవరికి పట్టిందో ఆరా తీశారు. పట్టింది ఆవిడకే. నాకు పెళ్లి వల్ల వచ్చింది.

ఇందుమతి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయిని. ఊళ్లో పిల్లలందరినీ పరిగెత్తించీ పరిగెత్తించీ తన మోకాలు అరగదీసుకుంది. ఆపరేషన్ అయ్యాక నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, రాళ్ల దారుల్లో సైకిలు మాత్రం మరిచిపోవాలని డాక్టరు చెప్పాడు. ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే జవాబిచ్చింది.

"ఒక్క కొండ వాలు పైనుంచి కింది దాకా కాలు నేల మీద ఆనించకుండా దిగి వస్తాను డాక్టరుగారూ. ఆ తర్వాత దీన్ని మీ ఇష్టం వచ్చినట్టు కోసుకోండి."

కొండ అంటే ఆవిడ లెక్కలో ఆల్ప్స్. మంచు శిఖరాల కింద పచ్చటి వాలు మీద ఒక మనిషి సైకిలు దిగుతున్న ఫొటో పదేళ్లుగా మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి చవక బస వెతికే బాధ్యత నా మీద పడింది. అక్కడి హోటళ్ల సంగతి ఎత్తకుండానే వదిలేశాను. గుడారాల మైదానాలు చవక అన్నారు. తీరా చూస్తే గుడారం మనమే తెచ్చుకోవాలి, నేలకు అద్దె కట్టాలి, వేడినీళ్లకు వేరే, సైకిలు నిలబెట్టినందుకు వేరే.

"మన గుడారంలో మనం పడుకుంటే వాళ్లకు అద్దె దేనికండీ?" అంది ఇందుమతి.

"కొండ వాళ్లది కదా" అన్నాను.

సరిగ్గా అప్పుడే పేపర్లో ప్రకటన కనపడింది. 'ఆల్ప్స్ ఇక మన ఆంధ్రలోనే! మంచుమెట్ట పర్వత సైకిలు శిబిరం. అతి తక్కువ ధరకే గుడారం, వేడినీళ్లు, ఏడు మలుపుల దారి.' కింద ఉన్ని టోపీ పెట్టుకుని నవ్వుతున్న ఒక పెద్దమనిషి ఫొటో. ఆయన పర్యాటక ఉప సంచాలకులు కలిదిండి నరసరాజుగారు.

నరసరాజుగారు ప్రభుత్వ ఖర్చు మీద ఆల్ప్స్‌కు అధ్యయన యాత్ర చేసి వచ్చారట. అక్కడ కొండలు ఎత్తుగా ఉన్నాయనీ, జనం వాటి మీద సైకిళ్లు తొక్కుతున్నారనీ, రాత్రికి గుడారాల్లో చవగ్గా పడుకుంటున్నారనీ కనిపెట్టారు. ఒక్క లోపం మాత్రం ఆయన మనసును కలచివేసింది. ఈ గుడారాలను ఎవరు ప్రారంభించారని అడిగితే, ఎవరూ ప్రారంభించలేదని అక్కడివాళ్లు తేలిగ్గా చెప్పారట. అంత అభివృద్ధి చెందిన దేశంలో అంత అనాథ గుడారాలా అని ఆయన విస్తుపోయారు. మన దగ్గర అలాంటిది జరగకూడదని అక్కడే నిర్ణయించుకున్నారు.

ఈ సంగతి మాకు మంచుమెట్ట ఎక్కాక గాని తెలియలేదు.

వేసవి సెలవులు ముగిసే వారం. తొలకరి పడింది. ఘాట్ రోడ్డంతా ఆపసోపాలు పడుతూ ఎక్కి సాయంత్రానికి శిబిరం చేరాం. ఆపసోపాలు నావే. ఇందుమతి మోకాలికి పట్టీ చుట్టుకుని, నాకంటే రెండు మలుపులు ముందే వెళ్లి నాకోసం కాచుకుంటూ వచ్చింది. పచ్చిక మీద పసుపుపచ్చటి గుడారాలు బారుగా నిలబడి ఉన్నాయి. అలిసిన ఒంటికి అంతకంటే అందమైన దృశ్యం ఉండదు. తీరా దగ్గరకు వెళితే ప్రతి గుడారం గుమ్మానికీ అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

శిబిరం చూసుకునే మజ్జి గవరయ్య పరుగున వచ్చాడు. భయం, మంచితనం సమానంగా ఉన్న మొహం.

"లోపలికెల్లకండి సార్. ఇంకా పారంభోత్సవం అవలేదు."

"ప్రకటన వచ్చి చాలా రోజులైంది కదయ్యా!"

"నిన్నా అయింది సార్. మొన్నా అయింది. ఇయాల్టిదే అవలేదు."

నాకు అర్థం కాలేదు. గవరయ్య జేబులోంచి ఉత్తర్వు తీసి చూపించాడు. ప్రారంభోత్సవం జరగని ఏ నిర్మాణంలోనూ ఎవరూ బస చేయరాదన్నది ప్రభుత్వంలో పాత నియమమే. మునుపెప్పుడో ఒక కొత్త భవనాన్ని నాయకుడు ప్రారంభించేలోపు ఊరివాళ్లు అందులో మిరపకాయలు ఆరబోసుకున్నారట. ఆ నాయకుడు రిబ్బను కత్తిరించబోయి తుమ్ములతో వెనక్కి తిరిగాడట. అప్పటినుంచి ఉంది ఆ నియమం. భవనానికైతే ఒక్కసారి చాలు. గుడారాన్ని రోజూ పొద్దున్నే విప్పేస్తారు, సాయంత్రం మళ్లీ వేస్తారు. కాబట్టి ప్రతి సాయంత్రం అది నూతన నిర్మాణమని నరసరాజుగారు తీర్మానించారు.

"ఎవరొస్తారు?" అన్నాను.

"మండల పరిషత్తు మాజీ ఉపాధ్యచ్చులు. దారిలో ఉన్నారంట."

దారిలో ఉన్నారంటే ఇంకా స్నానానికి లేవలేదని మన రాష్ట్రంలో అందరికీ తెలుసు. మేం సైకిళ్లకు ఆనుకుని కూర్చున్నాం. చలి మొదలైంది. మాజీ ఉపాధ్యక్షులు వచ్చి, పళ్లెంలో కత్తెర అందుకుని, ఒక్కో గుడారానికీ రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టడానికి రాయి వెతికారు. అక్కడ రాళ్లకు కొదవ లేదు. ప్రతి గుడారం పక్కనా ఒక శిలాఫలకం ఉంది. మేకులు దొరక్క గుడారాల తాళ్లను కూడా వాటికే కట్టారు. ముఖ్య అతిథి రోజూ మారతారు కాబట్టి, గవరయ్య సాయంత్రం కాగానే ఫలకాల మీద పాత పేరు చెరిపి సుద్దతో కొత్త పేరు రాస్తాడు. జ్యోతి మాత్రం కొండగాలికి వెలగలేదు. దాన్ని వెలిగినట్టే భావించాల్సిందిగా ఉపన్యాసంలో కోరారు.

ఉపన్యాసం మా గురించే. మాలాంటి పర్యాటకుల సౌకర్యమే తమ ప్రథమ కర్తవ్యమని ఆయన మమ్మల్ని చలిలో నిలబెట్టి చెప్పారు.

తెల్లారగానే ఇందుమతి సైకిలు తీసింది. ఏడు మలుపుల దారి శిబిరం అంచునే మొదలవుతుంది. ఆ వేళ కింద లోయ దాకా మలుపులన్నీ కడిగినట్టు కనపడుతున్నాయి. ఆ కొండ తీరు గవరయ్య ముందే చెప్పాడు. పొద్దున్నే తేటగా ఉంటుంది. పొద్దెక్కితే లోయలోంచి మబ్బు పైకి పాకుతుంది. ఇక ఎదురుగా చెయ్యి చాపితే వేళ్లు కనపడవు, ఆ తర్వాత వాన, రాళ్ల మీద జారుడు. దిగాలంటే పొద్దున్నే దిగాలి.

దారి మొదట్లో ఎర్ర రిబ్బను ఉంది.

"ఇదేమిటి?" అంది ఇందుమతి.

"దారికండి మేడం" అన్నాడు గవరయ్య తల దించుకుని. "జెండా ఊపాల. సహకార సంఘం డైరెక్టరుగారు వస్తన్నారు."

డైరెక్టరుగారు వచ్చేసరికి మబ్బు ఆయనకంటే ముందు వచ్చి కూర్చుంది. ఆయన మబ్బులోనే నిలబడి జెండా ఊపారు. జెండా మాకు కనపడలేదు, మేం ఆయనకు కనపడలేదు. వెంటనే గవరయ్య ఈల ఊది, మబ్బు పట్టినందువల్ల దారి మూసివేయడమైనదని ప్రకటించాడు. అది కూడా నియమమే. ఆ సాయంత్రం గుడారం దగ్గర మళ్లీ రిబ్బను, మళ్లీ కత్తెర.

ఆ మర్నాడు జెండా కోసం ఇంకొక ప్రముఖులు, ఇంకొక మబ్బు. ముఖ్యులెవరూ పొద్దున్నే లేవరు. ముఖ్యులు కావడంలో ఉన్న సుఖమే అది.

ఆ మధ్యాహ్నం నరసరాజుగారే స్వయంగా కొండెక్కారు. జీపు దిగగానే ఉన్ని టోపీ సర్దుకున్నారు. నేను నా పాలిటెక్నిక్ తర్కమంతా కూడగట్టుకుని వెళ్లాను.

"సార్, నిన్నటి గుడారమే కదా ఇవాళా వేసేది. మళ్లీ మళ్లీ ఎందుకు?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "నిన్నటి గుడారం విప్పబడినది. విప్పబడిన గుడారం లేనట్టే లెక్క. గుడ్డ పాతదే కావచ్చునండి, నిర్మాణం నూతనం."

"విప్పకుండా ఉంచేస్తే?"

"అప్పుడది శాశ్వత నిర్మాణమగును. ఈ అటవీ భూమిలో శాశ్వత నిర్మాణములకు అనుమతి లేదు. మేము చట్టమునకు బద్ధులము." ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లలో నిజమైన గర్వం కనపడింది. ఆయన చెడ్డమనిషి కాదు. మేం సుఖంగా ఉండాలని మనసారా కోరుకునేవాడే. ఆ సుఖం ఆయన ఎదుట, సక్రమంగా, ఫొటోతో సహా జరగాలి, అంతే.

ఆ సాయంత్రం ఎవరూ రాలేదు. చుట్టుపక్కల ఉన్న ప్రముఖులందరికీ ఆ కొండ ఒకసారి ఎక్కాక రెండోసారి వేరే కార్యక్రమాలు గుర్తొచ్చాయి. నరసరాజుగారు తనే కత్తిరించవచ్చు కదా అంటే, అధికారి ఆహ్వానించేవాడే గాని ప్రారంభించేవాడు కాడని ఉలిక్కిపడ్డారు. ఎదురుగా వేసిన గుడారాలు, నెత్తిన వాన, మధ్యలో జానెడు రిబ్బను. ఆయనేమో జీపులో కూర్చుని పైవాళ్లకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

ఇందుమతి మోకాలు పట్టుకుని రాయి మీద కూర్చుండిపోయింది. చలికి వాచింది. ఆ వాపు చూసేసరికి నాకు ఒళ్లు మండింది. చెయ్యి పట్టుకుని లేవదీసి, సైకిళ్లు నడిపించుకుంటూ శిబిరం వెనకున్న ఇంటికి తీసుకెళ్లాను.

ఆ ఇల్లు వంతాల గాసమ్మది. పెంకుటిల్లు, ముందు వెడల్పాటి అరుగు, పక్కన ఆవుల పాక. శిబిరం రాకముందు కొండ చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఆ అరుగు మీదే పడుకునేవారట.

"ఓలమ్మ, ఇంత వాచిపోయిందేటి కాలు! రా తల్లీ, పొయ్యికాడ కూకో" అంది గాసమ్మ. వేడి రాగి అంబలి ఇచ్చింది. ఆముదం కాచి మోకాలికి రాసింది. అద్దె ఎంతమ్మా అంటే, "ముందు తొంగోండి, తరవాత సూద్దాం" అంది. నెలల తరబడి నేను కంప్యూటర్లో వెతికిన చవక బస ఆ అరుగే.

పొద్దున్నే నరసరాజుగారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. వెనక గవరయ్య కత్తెర పళ్లెంతో ఉన్నాడు.

"ఏమమ్మా, ఈ అరుగు ఎవరిచే ప్రారంభింపబడినది?"

గాసమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎవలేటి బాబూ?"

"ఈ వసతిలో పర్యాటకులు బస చేసినారు. ప్రారంభోత్సవం జరగని వసతిలో బస నిషిద్ధము. ఎవరూ ప్రారంభించనిచో మూసివేయవలసి వచ్చును."

ఇక ఆ అరుగు మీద ఎవరూ పడుకోకూడదన్నమాట. ఉన్న ఆవు ఇచ్చే పాలూ, అరుగు మీద పడుకునే మనుషులూ, గాసమ్మ బతుకంతా అంతే. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఎవలూ సెయ్యకపోడమేటి? ఇల్లు కట్టినప్పుడు ముందు మా సుక్కే తొక్కింది. అది లోపలికెల్లినాకే మేం ఎల్లినాం. అడుగు, ఊరంతా సూసింది."

పాకలోంచి నుదుటి మీద తెల్లటి మచ్చ ఉన్న ఆవు తల బయటపెట్టి చూసింది. దాని పేరే చుక్క.

నరసరాజుగారు టోపీ సర్దుకుని చుక్క వైపు తిరిగారు. గృహప్రవేశంలో మొదట ఆవు నడుస్తుందన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఆయన సొంత ఇంట్లోనూ అదే జరిగింది. అయితే దాన్ని ప్రారంభోత్సవంగా ఇంతవరకు ఎవరూ గుర్తించలేదు. అధికారి మెదడులో ఒక పెద్ద ద్వారం తెరుచుకోవడం నేను కళ్లారా చూశాను. ఆయన జీపులోకి పరిగెత్తి చాలాసేపు ఫోనులో మాట్లాడారు. తిరిగి వచ్చేసరికి చుక్క మంచుమెట్ట శిబిరానికి సంప్రదాయ ప్రారంభకురాలిగా నియమితురాలైంది.

నాకు కూడా సంతోషమే కలిగింది. ఆవులు కొండ కిందినుంచి రానక్కర్లేదు, పొద్దున్నే లేస్తాయి, ఉపన్యాసం ఇవ్వవు.

ఆ సాయంత్రం చుక్క గుడారాలను ప్రారంభించింది. దానికి శాలువా కప్పారు. పూలదండ వేశారు. దండను అది అక్కడికక్కడే తిని, కృతజ్ఞతగా తోక ఊపింది. గవరయ్య ఫలకాల మీద 'చుక్కగారిచే' అని రాశాడు. దారి కోసం నరసరాజుగారు స్వహస్తాలతో కొత్త ఉత్తర్వు రాశారు: 'చుక్క అను ఆవు రిబ్బను దాటిన తక్షణమే మార్గము ప్రారంభమైనట్లు భావించవలెను.'

"రేపు దిగుతానండీ" అంది ఇందుమతి. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో చిన్నపిల్ల వినపడింది.

మర్నాడు తెల్లవారేసరికి చుక్క సిద్ధంగా ఉంది. శాలువా కప్పి రిబ్బను ముందు రాటకు కట్టేశారు. ఇందుమతి సైకిలెక్కి కూర్చుంది. లోయ తేటగా ఉంది. రావలసింది నరసరాజుగారు. ముఖ్య అతిథి వెనక అధికారులు నిలబడి ఉన్న ఫొటో లేకపోతే కార్యక్రమం జరిగినట్టు రుజువు ఉండదు. ఆయనేమో నిన్న చుక్కగారు ప్రారంభించిన గుడారంలో హాయిగా నిద్రపోతున్నారు. లేపడానికి గవరయ్యకు ధైర్యం లేదు. నేను లేపబోతే బయట కాపలా ఉన్న జవాను నన్ను ఆపాడు. ఆయన లేచి, మొహం కడిగి, కాఫీ తాగి, టోపీ సర్దుకుని వచ్చేసరికి మబ్బు మొదటి మలుపు దాటి పైకి వచ్చేసింది.

ఇందుమతి సైకిలు దిగింది. ఏడవలేదు. హ్యాండిల్ మీద తల ఆనించి ఉండిపోయింది. రేపు పొద్దున తప్పితే మరి లేదు. ఎల్లుండి ఆసుపత్రిలో చేరాలి. ఆమె భుజం మీద చెయ్యి వేశాను. నేను నిజంగా బాధపడ్డాను. ఇది వ్యంగ్యం కాదు.

మాతోబాటు బాధపడిన మనిషి ఇంకొకరున్నారు. రాటకు కట్టేసిన ఆవును విప్పుకుంటూ గాసమ్మ పళ్లు నూరింది.

"మేతకెల్లే యేల కట్టేసినారు నా ఆవుని. పొద్దున్న పాలే ఇవ్వనేదు. సాలవ కప్పితే కడుపు నిండుద్దేటి?"

ఆఖరి రోజు. రాత్రి కురిసిన వాన తెరిపిచ్చింది. నేనూ ఇందుమతీ రిబ్బను దగ్గరకు వెళ్లేసరికి గవరయ్య ఒక్కడే ఉన్నాడు. కింద ఏడు మలుపులూ తళతళమంటున్నాయి. లోయ అడుగున తెల్లటి మబ్బు అప్పుడే కళ్లు తెరుస్తోంది. గుడారంలోంచి నరసరాజుగారి గురక వినపడుతోంది. చుక్క లేదు.

"ఆవేది?" అన్నాను.

గవరయ్య పాక వైపు చూపించాడు. గాసమ్మ చుక్కను విప్పింది. శాలువా లాగి అరుగు మీద పారేసింది. వీపు మీద చిన్నగా తట్టి, "పో, మెయ్యి" అంది. చుక్క రోజూ మేతకు వెళ్లేది ఆ ఏడు మలుపుల దారి పక్క పచ్చిక మీదికే. అది తన దారిన తను తిన్నగా నడిచి వచ్చింది. మమ్మల్ని చూడలేదు. రిబ్బనునూ చూడలేదు. కొమ్ముకు తగిలి రిబ్బను తెగింది. ఎర్ర ముక్క కొమ్మునే వేలాడుతుండగా దారి దాటి పచ్చిక మీద వంగి గడ్డి పీకింది.

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గవరయ్య గుడారం వైపు చూశాడు. ఇందుమతి మోకాలి పట్టీ వైపు చూశాడు. జేబులోంచి ఉత్తర్వు తీసి, పైకే చదివాడు.

"'రిబ్బను దాటిన తచ్చణమే మార్గము పారంభమైనట్లు...' అయినట్టే గద సార్?"

"అయినట్టే" అన్నాను.

గవరయ్య ఈల నోట్లో పెట్టుకుని కొండ దద్దరిల్లేలా ఊదాడు.

"ఎల్లిపోండి మేడం!"

ఆవిడ వెళ్లిపోయింది. మొదటి మలుపులో వంగిన వీపు కనపడింది, రెండో మలుపులో ఎర్ర హెల్మెట్. మూడో మలుపులో కేక వినపడింది. భయం కేక అనుకుని దారి అంచు దాకా పరిగెత్తాను. కాదు. పాతికేళ్ల కాపురంలో నేనెప్పుడూ వినని కేక అది.

ఈలకు నరసరాజుగారు టోపీ లేకుండానే బయటికొచ్చారు. తెగిన రిబ్బను చూసి మొహం పాలిపోయింది.

"ఎవరి సమక్షంలో ప్రారంభమైనది?"

"ఆవు సమచ్చంలోనే సార్" అన్నాడు గవరయ్య.

"ఫొటో లేదు! ఆమెను వెనక్కి పిలిపించండి. మరల దిగవచ్చును."

"మరల దిగాలంటే ముందు ఎక్కాల గదండి. ఎక్కే దారికి వేరే పారంభోత్సవం గావాల."

నరసరాజుగారు ఆలోచనలో పడ్డారు. అందులోని న్యాయం ఆయనకు కాదనలేనిది. ఆయన అలా ఆలోచిస్తూ ఉండగానే నా ఫోను మోగింది. కొండ కిందినుంచి ఇందుమతి. మాట్లాడలేదు, నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ, "కాలు ఆన్చలేదండీ" అని మాత్రం అంది.

తర్వాతి సంగతులు గవరయ్య ఫోను చేసి చెప్పాడు. ఉన్నతాధికారుల రాకకై వేచియుండక ప్రారంభోత్సవం జరిపినందుకు చుక్కను విధుల్లోంచి తొలగించారు. దాని స్థానంలో జిల్లా కేంద్రం నుంచి విధేయత గల వేరొక ఆవును నియమించారు. అది కొండెక్కడానికి వాహనం మంజూరు కావలసి ఉంది. అంతవరకు గుడారాలకు రిబ్బన్లు అలాగే ఉన్నాయి. గాసమ్మ అరుగును మాత్రం చుక్క పదవిలోకి రాకముందే ప్రారంభించింది కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేకపోయారు. సైకిళ్ల మీద వచ్చినవాళ్లంతా ఇప్పుడు అక్కడే పడుకుంటున్నారు. చుక్క వేళకు మేతకు వెళుతోంది, పాలు బాగా ఇస్తోంది.

ఇందుమతి ఆపరేషన్ బాగా జరిగింది. మంచం దిగి మొదటి అడుగు వేయవలసిన రోజున నేను పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి, గది గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టాను. నర్సు నన్ను అనుమానంగా చూసింది. ఇందుమతి వాకరు పట్టుకుని నిలబడింది. నొప్పికి పళ్లు బిగించి ఉంది. రిబ్బను చూసి ఆగింది.

"ముఖ్య అతిథి ఇంకా రాలేదు" అన్నాను. "దారిలో ఉన్నారట."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే వాకరు ముందుకు జరిపి, రిబ్బను తెంచుకుని నడిచింది.